గడువు చెప్పని మొక్కు

మా అబ్బాయి బెంజ్‌ని మా కాలవలో ఉండే దెయ్యం ఊరు దాటనివ్వదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే కథ అల్లానంటారు.

బెంజ్ అసలు పేరు ఫస్సకోర్న్. ఆ పేరు వాడి సర్టిఫికెట్ల మీద తప్ప ఎవరి నోటా రాలేదు. వాడు పుట్టిన ఏడు మేం కారు కొందామనుకున్నాం. కారు రాలేదు, వాడొచ్చాడు. అనుకున్న పేరు వృథా పోకూడదని వాడికి పెట్టేశాం. పక్కింటి చమ్నాన్ గారు తన కొడుక్కి బ్యాంక్ అని పెట్టుకున్నాడు. ఎవరి ఆశలు వాళ్లవి.

మాది పేట్‌రియూ పట్నం పక్కన కాలవ గట్టు మీద ఊరు. నేను నీళ్ల సరఫరా ఆఫీసులో పనిచేస్తాను. నీళ్లు ఎందుకు రాలేదో జనానికి చెప్పడం నా పని. నా భార్య ఒరఫిన్ బీమా పాలసీలు అమ్ముతుంది. ఊళ్లోవాళ్లు మమ్మల్ని చూసి రోడ్డు దాటి అవతల పక్కన నడిచేది అందుకే. దెయ్యం వల్ల కాదు.

బెంజ్ ఏసీల కోర్సు పూర్తిచేశాడు. దూరాన ఖోన్ కెన్‌లో ఉద్యోగం దొరికింది. అదే ఊళ్లో ప్రాంగ్ అనే పిల్ల కూడా దొరికింది. రెండిట్లో ఏది ముందు దొరికిందో మేం అడగలేదు. మధ్యలో ఒక్కటే అడ్డం, ఏప్రిల్. మా దేశంలో ఈడొచ్చిన మగపిల్లలు ఏప్రిల్లో ప్రభుత్వం వాళ్ల డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తియ్యాలి. నల్ల చీటీ వస్తే ఇంటికి, ఎర్ర చీటీ వస్తే రెండేళ్లు పటాలానికి. చదువు పేరు చెప్పి కొన్నాళ్లు వాయిదా వేయించాం. చదువైపోయింది. చదువులో ఉన్న లోపమే అది.

అప్పుడు మా అమ్మ లమై తల్లి పేరెత్తింది.

లమై మా ముత్తాతల నాటి మనిషి. మొగుణ్ణి పటాలంలోకి పట్టుకుపోయారు. అతను వస్తాడని పొద్దస్తమానం కాలవ రేవులో కూర్చునేది. ఒక వానాకాలం వరదొచ్చి రేవూ పోయింది, ఆవిడా పోయింది. తర్వాత రేవుని ఊరివాళ్లు మళ్లీ కట్టుకున్నారు. ఆవిడ తనంతట తానే వచ్చింది. అప్పట్నించీ ఆ మలుపు దగ్గర మోటారు పడవలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. పటాలానికి పోయే కుర్రాడు లోపలుంటే తప్పకుండా ఆగుతాయి. ఇంజనులో బురద చేరి ఆగుతాయని మా మెకానిక్ అంటాడు. వాడి ఇద్దరు కొడుకుల చీట్లకీ వాడు మొక్కింది మాత్రం అక్కడే.

రేవు పక్కన ఆవిడకి గుడి ఉంది. లోపల పట్టు బట్టలు, అద్దాలు, దువ్వెనలు, పౌడరు డబ్బాలు, ఒక పెద్ద టీవీ. టీవీ ఎవరో మొక్కు తీరి ఇచ్చారు. మా ఇంట్లోదానికంటే పెద్దది. ఒరఫిన్ ఎప్పుడెళ్లినా ముందు దానికే దణ్ణం పెడుతుందని నా అనుమానం.

మొక్కడానికి ఒక పద్ధతుంది. పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, వీధి అన్నీ చెప్పాలి. కోరేది పైకి చెప్పాలి. బదులిచ్చేది మాత్రం నోట్లోనే అనుకోవాలి.

"దెయ్యానికి ఇంటి నంబరు ఎందుకమ్మా?" అన్నాను.

"ఈ జిల్లాలో బెంజ్‌లు ఎంతమంది ఉన్నారో తెలుసా నీకు?" అంది మా అమ్మ.

ఆవిడ అగరొత్తులు పట్టుకుని గొంతు సవరించుకుంది. "తల్లీ, ఈ పిల్లాణ్ణి పటాలానికి పోనివ్వకు. ఎక్కడికీ పోనివ్వకు. మా ఇంట్లోనే, మా కళ్ల ముందే ఉంచు." తర్వాత పెదవులు కదిలాయి. ఏం ఇస్తానందో ఆవిడకీ, లమైకీ తెలుసు. ఒరఫిన్ పక్కనే ఉంది కానీ ఫోన్లో ఎవరికో ప్రమాద బీమా గురించి వివరిస్తోంది. నేను టీవీ ఎన్ని అంగుళాలో చూస్తున్నాను.

బెంజ్‌కి నల్ల చీటీ వచ్చింది. మా అమ్మ అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. పక్కింటి బ్యాంక్‌కి ఎర్ర చీటీ వచ్చింది, వాళ్లమ్మ కూడా పడిపోయింది. ఇద్దర్నీ ఒకే ఫ్యాను కింద పడుకోబెట్టారు. చమ్నాన్ గారు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం రోజూ పలకరించాను. నల్ల చీటీ వచ్చిన ఇంటివాళ్లం, ఆ మాత్రం పెద్దమనసు ఉండాలి.

మొక్కు వచ్చే పున్నమికి తీర్చేస్తానంది మా అమ్మ. పున్నమికి ముందే, మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, మళ్లీ లేవలేదు.

ఏడుపులు, కర్మకాండ అయ్యాక బెంజ్ ఖోన్ కెన్ బయల్దేరాడు. కొత్త బూట్లు, కొత్త పెట్టె, ప్రాంగ్ వాళ్లమ్మకి గుడ్డు సొనతో చేసిన స్వీట్లు. బస్సు మా ఊరి వంతెన ఎక్కగానే ఆగిపోయింది. డ్రైవరు దిగి చూశాడు, కండక్టరు దిగి చూశాడు. జనమంతా దిగి తోశారు. కదల్లేదు. చివరికి డ్రైవరు ఊరివాడే కాబట్టి బెంజ్ మొహం చూసి గుర్తుపట్టాడు.

"తమ్ముడూ, నీకేదో నల్ల చీటీ వచ్చిందంట కదా?"

"అవునన్నా."

"లమై తల్లి దగ్గర మొక్కారా?"

"మా నాయనమ్మ మొక్కింది."

"ఏమీ అనుకోకు నాన్నా. నువ్వు దిగు."

బెంజ్ దిగాడు. బస్సు వెళ్లిపోయింది. స్వీట్లు మేం తిన్నాం.

మర్నాడు మా కారులో తీసుకెళ్లాం. అవును, కారు తర్వాత వచ్చింది, వేరే రకం. అదే వంతెన మీద అదీ ఆగింది. బెంజ్ దిగగానే స్టార్టయింది, ఎక్కగానే ఆగింది. "షోరూమువాడు చూస్తే గ్యారంటీ కింద రాదంటాడు" అంది ఒరఫిన్. రెండో రోడ్డు నుంచి ప్రయత్నించాం, పొలిమేర రాయి దగ్గర ఆగింది. రైలు మా ఊళ్లో ఆగదు. అందుకని దాని జోలికి పోలేదు.

"నడిచి వెళ్దాం నాన్నా" అన్నాడు బెంజ్. "వంతెన దాటాక అవతల ఏదో ఒకటి ఎక్కుతాను."

ఎండ మండిపోతోంది. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. చిన్నప్పుడు బడికి తీసుకెళ్లినప్పుడు పట్టుకున్నాను, మళ్లీ ఇప్పుడే. వంతెన సగం దాకా బాగానే నడిచాడు. ఆ తర్వాత వాడి బూట్లు పచ్‌పచ్‌మన్నాయి. నాలుగడుగులు వేశాడు. బూట్ల అంచుల్లోంచి నీళ్లు పొంగాయి. రోడ్డు మీద నీటి చుక్క లేదు. నేను లాగాను. మోకాలిదాకా ప్యాంటు తడిసింది. ఇంకా లాగాను. వాడు దగ్గాడు, నోట్లోంచి కాలవ నీళ్లు వచ్చాయి.

"నాన్నా, వదిలెయ్" అన్నాడు.

వదిలేశాను. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందంటే, పట్టుకున్నది వాడి చెయ్యేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

ఒరఫిన్ బూట్లు విప్పి బోర్లించింది. నీళ్లతో పాటు ఒక రొయ్యపిల్ల పడింది. దాన్ని తీసుకెళ్లి కాలవలో వదిలింది, పుణ్యం వస్తుందని. బూట్లు ఎండబెట్టింది. "ఖరీదైనవి" అంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. చాలాసేపు రాలేదు.

మర్నాడు ముగ్గురం గుడికి వెళ్లాం. అక్కడ పూలు ఊడ్చే సోమ్ మామ చీపురు పట్టుకునే మా గోడు విన్నాడు.

"మొక్కు తీర్చకపోతే ఆవిడ వదలదండీ" అన్నాడు.

"తీరుస్తాం. ఏం మొక్కిందో తెలీదు."

"మొక్కినావిడ్నే రమ్మనండి."

"మా అమ్మ. కాలం చేసింది."

"అయ్యో. అయితే ఆవిడ ఈపాటికి వచ్చే ఉంటుంది" అని గుడిలోకి తొంగిచూశాడు. మేమూ చూశాం. టీవీ ఒక్కటే కనిపించింది.

"మరి మేం ఏం చెయ్యాలి మామా?"

"నాకేం తెలుసండీ. నేను పూలు ఊడుస్తాను."

ఒరఫిన్‌కి కోపం వచ్చింది. సోమ్ మామ మీద కాదు, మా అమ్మ మీద. "ఇన్నేళ్లు నా పక్కన కూర్చుని నేను పాలసీలు చెప్తుంటే విన్నారు మీ అమ్మ. ఒక్కటంటే ఒక్కటి బుర్రకెక్కలేదు. ఏ పాలసీకైనా గడువుంటుందా ఉండదా? 'చీటీ తీసేదాకా' అంటే సరిపోయేదిగా! ఎక్కడికీ పోనివ్వకు అంటారా ఎవరైనా?"

"నువ్వు పక్కనే ఉన్నావుగా."

"మీరూ ఉన్నారు."

ఇద్దరం టీవీ వైపు చూశాం.

ఏం మొక్కి ఉంటుందో తెలీదు కాబట్టి అన్నీ ఇవ్వాలని తేల్చుకున్నాం. ఉడికించిన గుడ్లు ఇచ్చాం. పంది తల ఇచ్చాం. పట్టు బట్ట ఇచ్చాం, ఒరఫిన్ పెళ్లినాటిది, ఎలాగూ పట్టడం లేదు. దెయ్యాలకి ఇష్టమని ఎర్ర సోడా పెట్టాం. మూత తీసి, గొట్టం వేసి పెట్టాలి, లేకపోతే తాగరు. మొదట ఏదో చవక రకం తెచ్చాను. ఒరఫిన్ నన్ను చూసిన చూపుకి తిరిగి వెళ్లి అసలుది తెచ్చాను. నాట్యం చేసే అమ్మాయిల్ని పిలిచాం. మా అమ్మకి పాట ఇష్టమని పాటతో సహా ఆడించాం. ఒకటి ఇచ్చిన ప్రతిసారీ బెంజ్ వెళ్లి వంతెన మీద సగం దాకా నడిచి వచ్చేవాడు. మేం గట్టున నిలబడి వాడి పాదాల వంక చూసేవాళ్లం.

పచ్‌పచ్.

నాట్యం తర్వాత రోజు వాడు వెళ్లలేదు. "బూట్లు పాడైపోతున్నాయి నాన్నా" అన్నాడు.

ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారు. ప్రాంగ్ ఒకసారి వచ్చింది. వరండాలో వాడి పక్కన కూర్చుని, "నేనే ఇక్కడికి వచ్చేస్తా" అంది. ఒరఫిన్ ఆ పిల్లకి తన వంతు చేప కూడా వడ్డించింది. ప్రాంగ్ వాళ్లమ్మ ఫోన్ చేసింది. దెయ్యం సంగతి చెబితే ఆవిడేం కంగారు పడలేదు.

"దెయ్యాలు మా ఊళ్లోనూ ఉన్నాయి వదినగారూ" అంది. "ఉద్యోగం లేని అల్లుడే కష్టం."

ప్రాంగ్ వెళ్లిపోయింది. ఆ పిల్ల ఎక్కిన బస్సు ఎక్కడా ఆగలేదు. వంతెన మొదట్లో నిలబడి బెంజ్ అది కనపడేంతసేపూ చూశాడు. మొదట్లో రోజూ ఫోన్లు వచ్చేవి. తర్వాత ఆదివారాలు వచ్చేవి. ఇప్పుడు ఫోను మోగితే ఒరఫిన్‌దే, ప్రమాద బీమా.

బ్యాంక్ పటాలం నుంచి తిరిగొచ్చాడు. ఛాతీ వెడల్పయింది, జీతం తెచ్చుకున్నాడు, పెళ్లి కుదిరింది. చమ్నాన్ గారు గోడ మీంచి తొంగిచూశాడు.

"మావాడు వచ్చేశాడండీ థవిన్ గారూ."

"చూశానండీ."

"వెళ్లాడు, వచ్చాడు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పెద్దమనసు.

ఇల్లు అమ్మేసి మారిపోదామనుకున్నాను. మా అమ్మ చెప్పింది ఈ ఇంటి నంబరే కదా, నంబరు మారితే లమైకి దొరక్కపోవచ్చు. కొనడానికి ఒకాయన వచ్చాడు. కుళాయి తిప్పి చూశాడు, గోడలు తట్టి చూశాడు. "దెయ్యాలేం లేవు కదా?" అన్నాడు నవ్వుతూ. లేవని చెప్పేవాణ్ణే. కానీ అప్పటికే గేటు దగ్గర ఎవరో మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెడుతున్నారు.

అది ఎప్పుడు మొదలైందో మాకూ సరిగా తెలీదు. లమై తల్లి పట్టి ఉంచిన కుర్రాడట, ఊరు దాటలేడట, బూట్లలో నీళ్లట అని వంతెన అవతల ఊళ్లన్నిటికీ పాకింది. మొదట వీధిలోంచి చూసిపోయేవారు. తర్వాత లాటరీ నంబర్లు అడిగారు. బెంజ్ నాకు తెలీదంటే, ఆ మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టుకుని పోయారు. ఇప్పుడు గేటు దగ్గర ఎర్ర సోడాలు పెడుతున్నారు. పూలదండలు గేటు ఊచలకి కడుతున్నారు. గుడికి వెళ్తే రద్దీ, ఇక్కడైతే నేరుగా మనిషే దొరుకుతాడని వాళ్ల ఉద్దేశం. ఆ మధ్య ఒకావిడ మా ఇంటి ముందు రిక్షా ఆపించి లోపలున్న పిల్లలకి, "అదే, దెయ్యాల ఇల్లు" అని చూపించింది. ఒరఫిన్ బట్టలు ఆరేస్తోంది. ఏం చెయ్యాలో తెలీక చెయ్యూపింది.

బెంజ్ వరండాలో కూర్చుని ఊళ్లోవాళ్ల ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఏసీలు నేర్చుకున్న చెయ్యి, బాగానే చేస్తాడు.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. నిన్న పొద్దున ఒకావిడ కొడుకుని తీసుకొచ్చింది. మంచి బట్టలు, చేతిలో మంచి సంచీ, నాలాగే ఏదో ఆఫీసులో పనిచేసే మనిషై ఉంటుంది. గేటు ముందు చాప పరుచుకుని కూర్చుంది. కొడుకు వెనకాల నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆవిడ సోడా మూత తీసి గొట్టం వేసింది. పేరు చెప్పింది, పుట్టిన తేదీ చెప్పింది, ఇంటి నంబరు, వీధి చెప్పింది.

"వీణ్ణి పోనివ్వకు బాబూ. ఎక్కడికీ పోనివ్వకు."

బెంజ్ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టి గేటు దాకా వచ్చాడు.

"ఎప్పటిదాకానో చెప్పండి ఆంటీ" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఏమంటున్నారండీ?"

"గడువు చెప్పమంటున్నాడమ్మా. చీటీ తీసేదాకా అని చెప్పండి చాలు. దయచేసి ఆ ఒక్క ముక్క చెప్పండి."

"గడువేంటండీ? కన్నకొడుకు! ఎప్పటికీ ఉండాలి" అంది. నా మీద కొంచెం అనుమానం కూడా వచ్చినట్టుంది, తన కొడుక్కి రావలసింది తగ్గించమంటున్నానని.

"ఆంటీ, వినండి" అన్నాడు బెంజ్. గేటు ఊచలు పట్టుకున్నాడు. "మా నాయనమ్మ కూడా..."

ఆవిడ కళ్లు మూసుకుని వాడికి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టింది. చాప చుట్టుకుని, కొడుకు రెక్క పట్టుకుని వెళ్లిపోయింది. కుర్రాడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ సోడా లోపల పెట్టండి, చీమలు పడతాయి" అంది ఒరఫిన్ వంటింట్లోంచి.

బెంజ్ తీసుకుని, గేటు దగ్గరే నిలబడి తాగాడు.

"గ్యాస్ పోయింది నాన్నా" అన్నాడు.