బస్సుకు దప్పికైన చోటు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే బాట పక్కన పదకొండు కొట్టాలకు బడి వచ్చింది గానీ పేరు రాలేదు. "శనివారం వస్తాను. పేరు లేని ఊరైతే బడిని మరో పల్లెకు మారుస్తాను" అని ఇన్‌స్పెక్టరు వీరభద్రయ్య ఉత్తరం రాశాడు.

బడిలో పాఠాలు చెప్పే అయివారు యోగానంద ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. ఇరవై ముగ్గురు పిల్లలు అప్పుడప్పుడే గుణింతాల గుట్ట ఎక్కుతున్నారు. రెండు రోజులు కూర్చుని, గణాలు కుదిర్చి, ఒక పేరు కట్టి ఇన్‌స్పెక్టరుకు రాశాడు. బడి ముందున్న పలక మీదా సుద్దతో అదే రాయసాగాడు.

కడవతో పోతున్న ఖమర్‌బీ ఆగింది.

"ఏం రాస్తాండావు అయివోరా?"

"మన ఊరి పేరమ్మా. శ్రీ జ్ఞానసరస్వతీ విలాసపురము."

ఆమె వేళ్ళు మడిచింది. "పదమూడచ్చరాలా! ఇంటికొకటి పంచినా ఇంగా రెండు మిగుల్తాయి గదప్పా!"

ఆ నవ్వుకు సిగ్గుపడి, ఆయన ఆ పేరు మరెవరికీ చెప్పలేదు. పలక చదవగలవాడు అక్కడ ఆయనొక్కడే.

శనివారం బస్సు రోజూలాగే ఆవిరి కక్కుతూ కొట్టాల ముందు నిలిచింది. ఖమర్‌బీ రోజూలాగే కడవెత్తి రేడియేటరులో నీళ్ళు పోస్తోంది. కిటికీలోంచి వీరభద్రయ్య తల బయటపెట్టాడు.

"ఏమయ్యా, జ్ఞానసరస్వతీ విలాసపురం యాడ?"

"అట్లాంటి ఊరు ఈ చుట్టుపక్కల లేదు సార్" అన్నారు బస్సు చుట్టూ చేరిన కొట్టాలవాళ్ళు ఒక్క గొంతుతో.

"నేను జమ్మలమడుగులోనే చెప్తి గదా సార్!" అన్నాడు కండక్టరు కమాల్ బాషా.

"అయితే ఊరే అబద్ధం. బడి రద్దు!" వీరభద్రయ్య కలం తీశాడు.

ఇన్‌స్పెక్టరుకు మర్యాదగా ఇద్దామని చేతిలో నిమ్మకాయతో నిలుచున్న యోగానంద కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

"మరి ఇదేం ఊరు?" అని వీరభద్రయ్య కండక్టరును అడిగాడు.

"ఖమర్‌బీ కొట్టాలు సార్. ఈయమ్మ కడవ వంచందే మా బస్సు ఏ పొద్దూ పులివెందుల చూళ్ళేదు. ఈ దావంతా అట్లనే అంటారు."

యోగానంద తన రెండు రోజుల కష్టాన్ని గుటకేసి మింగాడు.

"అయ్యా, బడి ఖమర్‌బీ కొట్టాలలోనే ఉంది."

"మరి నువ్వు రాసిన పేరు?"

"అది... పద్యం సార్. ఊరు ఇది."

వీరభద్రయ్య నవ్వుతూ దిగి, రికార్డులో కొత్త పేరే రాసుకున్నాడు.

"నన్నడక్కుండా నా పేరా! రేపు నీళ్ళు పొయ్యనంటే ఏంజేస్తారు?" అని ఖమర్‌బీ బస్సు మీద గయ్యిమంది. కడవలో మిగిలిన నీళ్ళతో అయివారు పలక కడిగి, కొత్త పేరు రాసి చదివి వినిపించాడు.

ఆమె మళ్ళీ వేళ్ళు మడిచింది.

"ఆరచ్చరాలే! అయిదిండ్లకు సాల్లేదే అయివోరా!"