కమిలిన భుజం

ఆదివారం పొద్దున తడి దుప్పటి దండెం మీద వెయ్యబోయి రజని "అమ్మా" అంది. అంతే, అత్తకు దొరికిపోయింది. మార్తమ్మ బకెట్ కింద పెట్టి కోడలి నైటీ మెడ పక్కకు లాగి చూసింది. కుడి భుజం అరచెయ్యంత మేర కమిలిపోయి ఉంది. మధ్యలో చిన్న గాటు.

"ప్రభూ! ఇటు రారా! పిల్ల మీద చెయ్యి లేపినవా?"

ప్రభుదాస్ నోట్లో ఉప్మాతోనే ఉరికొచ్చాడు. "నేనా? పోలీసామెను కొట్టి బతుకుతనా అమ్మా? గది తుపాకి దెబ్బ!"

మార్తమ్మ కొడుకు మాట నమ్మలేదు. కోడలు పకపకా నవ్వాక నమ్మింది.

కానిస్టేబుల్ రజనికి భూపాలపల్లి అడవి పక్కన దూరం కొట్టే రైఫిల్‌తో శిక్షణ నడుస్తోంది. ఎనిమిది వందల మీటర్ల అవతలున్న ఇనుప రేకును కొట్టాలి. రేపే ఆఖరి పరీక్ష. తప్పితే మళ్ళీ ఆఫీసులో ఫైళ్ళు అందించే డ్యూటీ. రైఫిల్ వెనక్కి తన్నుతుందని ఆమె భుజానికి ముందే తెలిసిపోతోంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూతపడతాయి, భుజం వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది, గుండు ఎటో పోతుంది. "సందు ఇయ్యకు తల్లీ. సందిస్తే గుద్దుతది, గట్టిగ ఆనించుకుంటే ఉత్తగ నెడతది," అంటాడు శిక్షణ ఇచ్చే రఘునాథ్ సార్. మంచివాడే. చెప్పిందల్లా ఆమెకు అర్థమవుతూనే ఉంది, ఒళ్ళే వినడం లేదు.

ప్రభుదాసూ మంచివాడే. నిన్న ఇంటికి రాగానే కొబ్బరినూనె వెచ్చచేసి రాశాడు. రాస్తూనే, "వద్దు రజనీ, కంప్యూటర్ ముందట కూసునే పని అడుగు. నీ భుజం చూస్తే నాకు బువ్వ దిగుతలేదు," అన్నాడు. ఆ ప్రేమ అబద్ధం కాదు. కానీ వారం రోజుల దుప్పట్లు ఆమె సెలవు కోసమే మూటకట్టి ఉన్నాయి. వాటిని నానబెట్టి, ఉతికి, పిండుతున్నంతసేపూ ఆ భుజం ఎవరికీ గుర్తు రాలేదు. తుపాకి పట్టినప్పుడే అది పాపం ఆడపిల్ల భుజమవుతుంది. ఈ మాట అతనితో అనాలనుకుంది. నూనె చెయ్యి అంత మెత్తగా ఉంటే ఎట్లా అంటుంది?

"కమిలిందంటే సరే బిడ్డా, ఈ గాటేంది?" మార్తమ్మ వదల్లేదు.

కొడుకు లోపలికి పోయేదాకా ఆగి రజని చెప్పింది. "బ్రా పట్టీకి ఇనుప రింగుంటది గద అత్తా. రైఫిల్ ఆనించే గుంతల్నే పడతది. తన్నినప్పుడల్లా గుచ్చుతది."

"మీ సార్‌కు చెప్పినవా?"

"నేను, ఇంకో పిల్ల తప్ప అందరు మొగోళ్ళే, ఎట్ల చెప్పాలె?"

"గిట్లనే సిగ్గుపడి నేను దవాఖానకు పోక పోక, ఆఖరికి గర్భసంచి తీయించుకున్న," అంది మార్తమ్మ. లోపలికెళ్ళి కత్తెర, సూదీ దారం తెచ్చుకుంది. కోడలి బ్రాకున్న రింగులు కత్తిరించి, పట్టీని చదునుగా కుట్టిచ్చింది. "దుప్పట్లు నీ మొగడు ఆరేస్తడు గని, నువ్వు కూసో."

సోమవారం రజని రైఫిల్ వెనక తిన్నగా పడుకుంది. దాని వెనక కొనను భుజం గుంతలోకి గట్టిగా లాక్కుంది, సగం ఊపిరి వదిలింది, మెల్లగా నొక్కింది. రైఫిల్ నెట్టింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. రైఫిల్ మీది దుర్బిణి అద్దంలో రేకు ఊగడం ఆమెకే కనబడింది.

"తగిలింది సార్. నేనే చూసిన."

"శభాష్! ఒక్క రోజుల ఏం మార్చినవ్?" అన్నాడు రఘునాథ్ సార్. మగవాళ్ళంతా చెవులు రిక్కించారు.

"ప్రాక్టీస్, సార్" అంటే సరిపోయేది. కానీ తర్వాతి వంతు తండా నుంచి వచ్చిన సుమనది. రైఫిల్ ముట్టకముందే ఆ పిల్ల భుజం తడుముకుంటోంది.

"నా బ్రా పట్టీకి ఇనుప రింగుండె సార్. అది గుచ్చుతదనే కళ్ళు మూసుకున్న. మా అత్త కత్తిరించింది." సుమన వైపు చెయ్యి చూపింది. "సుమన కాల్చే ముందు జర టైమియ్యండి."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. రఘునాథ్ సార్ అటు ఒక్క చూపు చూసి, విజిల్ ఊది కాల్పులు ఆపించాడు.

సుమన అప్పటికే బట్టలు మార్చుకునే గుడారం వైపు పరుగెడుతోంది.