వరహాలు చెల్లే ఊరు

వానలు మొదలైతే ఉప్పు కొఠారులో పని ఉండదు. కుప్పల మీద తాటాకు కప్పేసి, గట్లు తెగకుండా చూసుకుంటూ, ఎండ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున మా కొఠారు. మా ఆయన క్రీస్తురాజు అక్కడ మేస్త్రీ. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, పెళ్లయిన రెండో ఏడు, ముసురు పట్టి వదలని రోజుల్లో ఆయన ఒక ఆట పుట్టించాడు.

ఆయన కథ చెప్తాడు. అందులో మనిషిని నేను. అడవిలో ఉన్నావు, ఎడంపక్క వాగు, కుడిపక్క గుహ, ఏం చేస్తావు అని అడుగుతాడు. నేను చెప్పాలి. చెప్పింది జరిగేదీ లేనిదీ చింతపిక్కలు తేలుస్తాయి. ఒక వైపు అరగదీసిన పిక్కలు నేలమీద వేస్తే, తెల్లవైపులు ఎక్కువ పడితే నా మాట నెగ్గినట్టు. మొదటిసారే నేను గుహలో దూరి, పామును తరిమి, దాని కింద ఉన్న కాగెడు వరహాలు ఎత్తుకొచ్చాను.

వీటితో నేనేం చేసుకోను అని అడిగాను. ఆయన తెల్లబోయాడు. బంగారం దొరికితే కథ అయిపోయిందనుకున్నాడు పాపం. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ఉప్పు తప్ప ఏదీ నిండుగా లేదు. గిద్దెడు నూనె కొనలేని బంగారం నాకెందుకు, పామునే ఉంచుకోమను అన్నాను. గోడ అవతల, ఉప్పు తూచే కాటా మనిషి పెళ్లాం మాలకొండమ్మ పడీపడీ నవ్వింది.

మర్నాడు ఆయన కథలో ఒక ఊరు కట్టాడు. ఊరు నిండా దుకాణాలు. నేను మొదటి దుకాణంలో కాలు పెట్టగానే గొంతు మార్చి, "రామ్మా, ఏం కావాల నీకు?" అన్నాడు.

పెళ్లైన కొత్తలో ఒక్కసారి ఆయన నన్ను ఆ మాట అడిగాడు. ఇత్తడి బిందె అన్నాను. తేలేకపోయాడు. ఆ రోజు ఆయన మొహం చూశాక నేను మళ్లీ ఏదీ చెప్పలేదు, ఆయన మళ్లీ అడగలేదు. ఇప్పుడు నా దగ్గర కాగెడు వరహాలున్నాయి. ఆయన భయం లేకుండా అడగొచ్చు, నేను భయం లేకుండా చెప్పొచ్చు. లేని బంగారంతో ఇంత పని ఉందని నాకప్పుడే తెలిసింది.

ఇక చూడండి. పడవ కొన్నాను. మిద్దె కొన్నాను. వానకు ఆరని దీపం కొన్నాను. చనిపోయిన మా అమ్మకు పట్టుచీర కొన్నాను. ప్రతిదానికీ బేరమాడాను. వంద అంటే ఇరవై అన్నాను. కథలో కూడా బేరమేంటే అని ఆయన విసుక్కుంటే, పాముతో తిప్పలు పడింది నువ్వా నేనా అని కావలి సంతలో అరిచినట్టు అరిచాను. ఆయన మాత్రం ఏదీ ఊరికే ఇచ్చేవాడు కాదు. ఊరికే ఇస్తే నువ్వు కొన్నట్టు ఎట్లా అవుతుంది అనేవాడు. ఎంత మిగిలిందో ఆయన మర్చిపోయేవాడు. నేను మర్చిపోలేదు. ఏటా వానలు వచ్చాయి, ఏటా కొత్త గుహల్లో దూరాను, నా కాగులు పెరిగాయి. కొఠారులో నా అంత కలిగినది లేదని మాలకొండమ్మ ఆటపట్టించేది.

అరవై అయిదు ఎండాకాలంలో ఆయనకు కామెర్లు వచ్చాయి. పసరు తాగించాం. చర్చిలో ప్రార్థన చేయించాం. పొట్ట ఉబ్బడం మొదలయ్యాక నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాను. ఒక మధ్యాహ్నం డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, ఆయనకు ఏం తినాలనుంటే అది పెట్టమ్మా అన్నారు. ఆ మాటకు అర్థం మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన మంచిగానే చెప్పారు. నాకు మాత్రం ఆ నోటిమీద కొట్టాలనిపించింది.

లోపలికొచ్చి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు పచ్చగా ఉన్నాయి. ఆట ఆడదామన్నాను. వాన పడటం లేదు కదా అన్నాడు. పడకపోతే ఏం అన్నాను.

"ఊళ్లోకి పోతా ఉండా. వైద్యుడి దుకాణం యాడుండాది?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను కళ్లు తిప్పలేదు.

"సంత చివర," అన్నాడు.

"కామెర్లకు మందు కావాల. ఎంత?"

అలాంటి మందు లేదని చెప్పి ఉండొచ్చు. ఆయన చెప్పలేదు. "ఒక్క వరహా," అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. దీపానికే అరవై గుంజిన మనిషి! ఒక్క వరహా మందు ఏం పని చేస్తుంది? వంద తీసుకో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. కాగు తీసుకో అన్నాను. వద్దన్నాడు. ఉన్నవన్నీ తీసుకో, పడవ, మిద్దె కూడా తీసుకో, గట్టి మందు ఇవ్వు అన్నాను. పక్క మంచాల వాళ్లు మా వైపు చూస్తున్నారు. చూస్తే చూశారు. బతుకంతా ధర తగ్గించమని పోట్లాడినదాన్ని, ఆ రోజు పెంచమని పోట్లాడాను.

"ఒక్కటే తీసుకుంటా," అన్నాడు ఆయన. "మిగతాది దాచుకోమ్మే. తర్వాత నీకు అక్కరకొస్తాది."

"తర్వాత యాడ మార్చుకునేది? నువ్వు లేకుంటే ఆ ఊరికి దారి ఎవరికి తెలుసు?"

ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ ఆదివారం ఆరాధన గంట కొట్టకముందే పోయాడు.

మళ్లీ వానలొచ్చాయి. కుప్పల మీద తాటాకు కప్పారు. ఒకరోజు ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, కథ నేనే చెప్పుకుందామనుకున్నాను. అడవి దాటాను, ఊరు చేరాను, మొదటి దుకాణంలో కాలు పెట్టాను. గొంతు మార్చి, "రామ్మా, ఏం కావాల నీకు?" అని నన్ను నేనే అడిగాను.

ఏం కావాలో నాకు తెలుసు. అది అమ్మే దుకాణం పెట్టడం నాకు చేతకాలేదు.