పల్టీ బండి ఇరవై తొమ్మిదేళ్ళు

ఆ పార్కులోని రోలర్ కోస్టర్‌కి కాగితాల మీద ఏదో గొప్ప పేరుండేది గానీ, జనం నోట్లో అది పల్టీ బండే. దాని పట్టాలు చూసుకునే మెకానిక్‌దీ అదే గతి. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆయన బోల్టు మామయ్య.

ఆ ఉక్కు బండిని నిలబెట్టిన ఏడాదికి మామయ్యకి ముప్పై నిండలేదు. అంతకుముందు జనం ఎరిగినవన్నీ ఎత్తెక్కి దిగే కొయ్య బండ్లే. ఇది గొలుసు పట్టుకుని పన్నెండంతస్తుల ఎత్తు పాకి, ఒక్కసారిగా జారి, మనిషిని తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టేది. వేలంవెర్రిగా ఎగబడ్డారు. క్యూ గేటు దాటి రోడ్డెక్కింది. తలకిందులైనవాళ్ళ జేబుల్లోంచి రాలిన తాళంచెవులూ దువ్వెనలూ మామయ్య గడ్డిలో ఏరి ఆఫీసులో ఇచ్చేవాడు. ఒకసారి కట్టుడు పళ్ళు దొరికాయి. వాటి యజమాని మూతి బిగించుకుని వచ్చి, పళ్ళు పెట్టుకున్నాకే థాంక్స్ చెప్పాడు.

రోజూ పార్కు తెరవకముందే మామయ్య పట్టాల పక్క ఇనప మెట్లెక్కి ఒక్కో బోల్టూ తట్టి చూసేవాడు. ఆనక ముందు సీట్లో కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. తక్కిన ఇరవై మూడు సీట్లలో మనుషుల బరువుకి ఇసుక మూటలు. మూటలూ అరవవు, ఆయనా అరవడు.

ఆరో ఏడు ఒక మధ్యాహ్నం గొలుసు మోటారు కాలిపోయి, బండి ఎత్తు మధ్యలో ఆగిపోయింది. మామయ్య ఇరవై ముగ్గురిని చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా దింపాడు. చివరి సీట్లో ఒక కుట్టు టీచరు మిగిలింది. శిష్యురాళ్ళు బలవంతాన ఎక్కించారట. కళ్ళు మూసుకుని కడ్డీని కరుచుకుని ఉంది.

"నేను రాను. మీరు వెళ్ళిపోండి."

"కళ్ళు తెరవండి. మూసుకుంటే ఎత్తు పెరుగుతుంది."

"తెరిస్తే తగ్గుతుందా?"

"తగ్గదు. ఉన్నంతే ఉంటుంది."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. రెండు గంటలు మామయ్య పక్క సీట్లో కూర్చున్నాడు. కాసేపటికి ఆమె ఒక కన్ను తెరిచి, "మీ చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది," అంది. ఆ చొక్కా కుట్టించుకోవడానికి వెళ్ళినవాడు, ఏడాది తిరక్కుండానే ఆమెని పెళ్ళి చేసుకున్నాడు.

ఆమె మళ్ళీ బండెక్కలేదు. మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బా తెచ్చి కింద బెంచీ మీద కూర్చునేది. పిల్లలు పుట్టలేదు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

కొత్తొక వింత, పాతొక రోత. మూడు పల్టీల బండి వచ్చింది, తర్వాత అయిదు పల్టీలది. పాత బండి ముందు క్యూ తాళ్ళు తీసేశారు. ఆదివారాలు కూడా సగం సీట్లు ఖాళీ. ఇరవై అయిదో ఏడు టీచరు గుండె జబ్బుతో పోయింది. మామయ్యకి పదిరోజులు సెలవిస్తే నాలుగో రోజే పనిలోకి వచ్చేశాడు. ఇంట్లో కుట్టు మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. అది తియ్యడానికి చెయ్యి రాలేదు, చూస్తూ కూర్చోవడానికి ఓపికా లేదు.

ఇరవై తొమ్మిదో ఏడు మేనేజరు పిలిచాడు. "మామయ్యా, బండి అమ్మేశాం. ఎక్కడో పరాయి దేశం పార్కు వాళ్ళు కొన్నారు."

"తుక్కుకా?"

"కాదు. తిప్పుకుంటారట."

"అయితే సరే," అని బయటికొచ్చి, కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

కొన్నవాళ్ళు ఒక ఇంజనీరమ్మాయిని పంపించారు. ముక్కముక్కకీ పెయింటుతో అంకె వేస్తూ, "దీని చరిత్ర చెప్పండి సార్, రాసుకుంటాను," అంది. మూడు వారాలు చెప్పాడు. ఎండకి ఏ స్తంభం సాగుతుందో, ఏ వంపులో బోల్టులు వదులవుతాయో, ఏ ఏడు రంగు మార్చారో. బతుకులో అంత మాట్లాడింది లేదు. మోటారు కాలిన రోజు సంగతీ చెప్పాడు. "ఒకావిడ రెండు గంటలు దిగలేదు."

"తర్వాత?"

"దిగింది."

అని, తర్వాతి స్తంభం దగ్గరికి నడిచాడు.

"మాతో రండి సార్, బిగించేదాకా ఉందురుగాని," అందామె. పాస్‌పోర్టు లేదన్నాడు. ఉన్నా వెళ్ళేవాడు కాదు. ఆ బెంచీ లేని చోట ఆ బండిని చూడటం ఆయన వల్ల కాదు. పల్టీ కొట్టించే ఆ గుండ్రటి లూపుని ఏడు ముక్కలు చేసి లారీలకెత్తారు. వారం తిరక్కుండా ఆయన్నీ శాలువా కప్పి ఇంటికి పంపారు.

ఎనిమిది నెలలకి ఫోను మోగింది.

"సార్, బండి తిరుగుతోంది. కానీ లూపు దాటాక ఏదో చప్పుడు. వినండి."

విన్నాడు. మళ్ళీ తిప్పించి విన్నాడు. "మూడో పెట్టె. కుడివైపు పక్క చక్రం. రబ్బరు చీలింది చూడమ్మా."

గంటకి మళ్ళీ ఫోనొచ్చింది. "అదే సార్! అచ్చం అదే!" వెనకాల ఎవరెవరో చప్పట్లు కొడుతున్నారు. ఆయన ఏదో చెప్పబోయేలోగా ఎవరో పిలిచారు, ఆమె వెళ్ళిపోయింది.

మొదట్లో వారానికోసారి ఫోనొచ్చేది. తర్వాత నెలకోసారి. అక్కడి మెకానిక్‌కి పని పట్టుబడింది. మంచిదే అనుకున్నాడు. మూడు నెలలు ఫోను మూగబోయాక, ఒక పొద్దున గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బస్సు డిపోకి నడిచాడు.

"ఈ వయసులో ఏం చెయ్యగలరు?" అడిగాడు ఫోర్‌మన్.

"చక్రాలు చూస్తాను."

ఫోర్‌మన్ ఆయన చేతుల వంక చూశాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.