కొలిమి వెల

పెళ్లయి రెండు నెలలు దాటినా కొత్త కోడలికి ఆ ఇంట్లో ఇంకా అన్నీ అబ్బురంగానే ఉన్నాయి. గాజు కర్మాగారం యజమాని ఇల్లు కాబట్టి కిటికీల్లో ఒక్కో అద్దానిది ఒక్కో రంగు. కొలిమిలో కొత్త రంగు కుదిరినప్పుడల్లా మామగారు ఒక పలక తెచ్చి ఏదో ఒక కిటికీకి బిగించేవారట. అందుకని పొద్దున్నే కళ్లు తెరిస్తే దుప్పటి మీద పచ్చటి వెలుగు, గోడ మీద ఊదా వెలుగు, మొగుడి ముక్కు మీద మాత్రం సరిగ్గా ఒక ఎర్రటి చుక్క. ఆ చుక్క మెల్లగా ముక్కు దిగి పెదవి మీదికి వచ్చేదాకా నవ్వు బిగబట్టుకుని చూడటం ఆమెకు రోజూ జరిగే సంబరం. అతను ఒక కన్ను తెరిచి, "ఏంటి పంతులమ్మా, పొద్దున్నే పరీక్షకి చదువుతున్నావా?" అనేవాడు. ఆర్థికశాస్త్రం చదివి వచ్చిందని అతను పెట్టిన ముద్దుపేరది.

ఆ ఇంట్లో మరో వింత, అందరూ అరిచినట్టే మాట్లాడతారు. కోపం వచ్చి కాదు. కొలిమి హోరు పక్కన పుట్టి పెరిగినవాళ్లు, కొలిమికి కోడలుగా వచ్చినవాళ్లు. గుసగుసలాడే విద్య ఆ వంశంలో ఎవరికీ పట్టుబడలేదు. ఉప్పు అందించమని అడిగినా పొరుగింటివాళ్లు ఉలిక్కిపడాల్సిందే. తాము మెల్లగానే మాట్లాడుతున్నామన్నది వాళ్లందరి గట్టి నమ్మకం.

కొలిమిని ఆమె మొదటిసారి చూసింది పెళ్లయిన వారంలోనే. ఇంటి వెనక మెట్లు దిగి, ఇసుక గుట్టలూ గాజు పెంకుల గుట్టలూ దాటి వెళ్తే పెద్ద రేకుల షెడ్డు. అందులో ఇటుకలతో కట్టిన ఒక గదంత నిప్పు. భర్త ఆమె చేతికి ముదురు నీలం అద్దం ఇచ్చి, గోడలో ఉన్న చిన్న రంధ్రం దగ్గర నిలబెట్టాడు. లోపల మంటలు పైకి లేవడం లేదు, ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగెడుతున్నాయి. వాటి కింద ఒక చెరువు. నీళ్లంత నున్నగా, కదిలీ కదలకుండా, తనలోంచే వెలుగుతూ. తాను చూస్తున్నది ఇసుకనని నమ్మడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మందు సీసాలు, నూనె సీసాలు, దీపాల చిమ్నీలు, అన్నీ ఆ చెరువులోంచి పుట్టినవే.

ఆ కొలిమిని ఆర్పరు. ఆర్పితే గాజు లోపలే గడ్డకట్టి గోడల్ని చీల్చేస్తుంది, మళ్లీ వెలిగించడం ఎవరి తరమూ కాదు. కానీ కరిగిన గాజు నాకి నాకి ఇటుక గోడల్ని పల్చబరుస్తుంది కాబట్టి ఏ కొలిమికైనా ముసలితనం తప్పదు. అందుకే పక్కనే కొత్తది కట్టి, పాతదాని నిప్పుతో దాన్ని వెలిగించి, అప్పుడు పాతదాన్ని చల్లార్చాలి. మామగారి తాత వెలిగించిన నిప్పు అలా కొలిమి నుంచి కొలిమికి నడుచుకుంటూ వచ్చింది. కొత్తదానికి పునాది తవ్వేశారు. ఈసారి నిప్పు మోయవలసింది తనేనని చెప్పేటప్పుడు భర్త గొంతు మామూలు కంటే తగ్గడం ఆమె గమనించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త పన్ను వచ్చింది. ఒక హద్దు దాటి ఆస్తి ఉన్నవాళ్లు, లాభం వచ్చినా రాకపోయినా, ఆ ఆస్తి మొత్తం మీద ఏటా ఇంత అని కట్టాలి. కాలేజీలో ఆమె ఇలాంటి పన్ను కావాలనే వాదించి గెలిచింది. ఆ సంగతి పెళ్లిచూపుల నాడే తెలిసిన మామగారు, శత్రువుని ఇంట్లోనే పెట్టుకుంటే కనిపెట్టి ఉండటం తేలికని వియ్యంకుడితో అని, పగలబడి నవ్వారట.

విలువ కట్టడానికి వచ్చిన అధికారి నెమ్మదస్తుడు. ఇల్లూ స్థలమూ చూసి, చివరికి నీలం అద్దం పట్టుకుని రంధ్రం దగ్గర నిలబడ్డాడు. అలా నిలబడిపోయాడు. వెనక్కి తిరిగాక తన బల్లమీదికి వచ్చిన కాగితాల్లో కొలిమి అంటే ఒక మాటేనని, ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదని అన్నాడు. మామగారు అదే అదను చేసుకుని అడిగారు: మండుతున్నంతసేపూ దీని విలువకి అంతు లేదు, ఆరిన మరుక్షణం ఇది ఇటుకల కుప్ప, మరి ఏ విలువ రాసుకుంటారు? తాను చూసిన రోజు ఎలా ఉందో అలాగే రాయాలన్నది చట్టమని అధికారి చెప్పాడు. చెప్పి, తలుపు దాకా వెళ్లి, మరోసారి వెనక్కి చూసి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మామగారు అత్తగారిని గదిలోకి పిలిచి, తలుపు వేసి, రహస్యం చెప్పారు. హాల్లో టీ తాగుతున్న కొడుకూ కోడలూ ప్రతి ముక్కా విన్నారు.

"కొత్తది కట్టలేం. దానికని దాచిందంతా పన్నుకే పోతుంది. పాతది నడిచినన్నాళ్లు నడిపి చల్లార్చేద్దాం. షెడ్డూ స్థలమూ అమ్మగా వచ్చింది ఎక్కడో వడ్డీకి వేసుకుని తిందాం. అబ్బాయికి ఇప్పుడే చెప్పకు. కొత్తగా పెళ్లయినవాళ్లు, నాలుగు రోజులు హాయిగా ఉండనీ."

భర్త కప్పు కింద పెట్టాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెనక మెట్లు దిగి షెడ్డు వైపు వెళ్లిపోయాడు. ఆ వీపు వంగిపోయి ఉంది. రెండు నెలల్లో ఆ మనిషి వంగి నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె వెళ్లి తలుపు తట్టింది.

"వినబడిందా అమ్మాయ్?" మామగారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"వీధి చివరి కొట్టువాడికి కూడా వినబడే ఉంటుంది మామయ్య గారూ."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఇక దాచేదేముందని మొదలుపెట్టారు. తాను పన్ను ఎగ్గొట్టే మనిషిని కాదన్నారు. లాభం వచ్చిన ప్రతి ఏడూ కట్టానన్నారు. రోడ్లూ ఆసుపత్రులూ గాల్లోంచి ఊడిపడతాయా అని ఆమె అడిగితే, పడవు, అందుకే కట్టానని ఒప్పుకున్నారు. ఉన్నవాళ్ల దగ్గర కాక లేనివాళ్ల దగ్గర తీసుకోవాలా అని ఆమె పట్టు వదలకుండా అడిగింది. అప్పుడాయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, షెడ్డు పొగగొట్టం వైపు చూపించారు.

"అందరూ నా దగ్గర డబ్బుందంటారు. నా దగ్గర ఎక్కడుందమ్మా? అదిగో, అందులో కాగుతోంది. ఇంతమంది కడుపులు నింపుతోంది. నేను తినే దాని మీద, కట్టుకునే దాని మీద, తిరిగే దాని మీద ఎంత కావాలంటే అంత వెయ్యమను, నోరెత్తను. అది నా సుఖం, దానికి వెల కడతాను. పని చేస్తున్నదాన్ని పట్టుకుని ఏటా ఒక ముక్క కోస్తే ఎలా? ఇటుక ఇటుకా ఊడదీసి ఇమ్మంటారా?"

ఆమె దగ్గర సమాధానాలున్నాయి. కాలేజీలో అందరూ చప్పట్లు కొట్టినవే. కానీ అప్పుడు ధనవంతుడంటే ఆమె కళ్ల ముందు మెరిసే గచ్చూ, గుత్తి దీపాలూ, మెత్తటి సోఫాలూ మెదిలేవి. వెలిగే చెరువు ఎప్పుడూ మెదల్లేదు. ఆ మనిషి మాట్లాడుతున్నది తన సుఖం కోసం కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా ఏదో ఒకటి గుచ్చుకుంటోంది. చుట్టూ చూసింది. గచ్చు మెరుస్తోంది. పైన గుత్తి దీపం వేలాడుతోంది.

"మామయ్య గారూ, ఒకటి అడగనా? కోప్పడకూడదు."

"అడుగు."

"మీ సుఖానికి వెల కడతానన్నారు కదా. మరి ఈ ఇల్లు సుఖమా, పనా?"

ఆయన తలెత్తి గుత్తి దీపం వైపు చూశారు. అత్తగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో మరొకటో తెలియలేదు.

"ఇల్లు..." అన్నారాయన చివరికి. "ఇది మీ అత్తయ్య కోసం కట్టాను."

"నన్నడిగి కట్టారా?" అన్నారు అత్తగారు. "ఇన్ని గదులు. ఒకదాంట్లో కళ్లజోడు పెడితే వెతకడానికి పూట పడుతుంది. మెట్లెక్కలేక మోకాళ్లు అరిగిపోయాయి. షెడ్డు పక్కన మనం కాపరం పెట్టిన రెండు గదులూ ఉన్నాయిగా, అక్కడే నాకు నిద్ర పట్టేది."

"నలుగురూ ఏమనుకుంటారే?"

"దివాలా తీశాడనుకుంటారు. అనుకోనీండి. పన్నువాళ్లు కూడా అలాగే అనుకుంటే మంచిదేగా."

ఆయన తనలో తాను లెక్కేసుకున్నారు, అంటే ఇల్లంతా వినబడేలా. ఇల్లమ్మితే ఈ ఏటి పన్ను గడుస్తుంది. దాచింది కొత్త కొలిమికి మిగులుతుంది. వచ్చే ఏడు పన్ను మళ్లీ వస్తుంది, అప్పటికి అమ్మడానికి మరో ఇల్లుండదు. కొత్త కొలిమే సంపాదించి పెట్టాలి. పెట్టకపోతే అంతే.

"పంతులమ్మవి అనిపించావు," అన్నారాయన ఆమె వైపు తిరిగి. "నా మాటతో నన్నే కట్టేశావు. కానీ నేనన్నది తప్పని మాత్రం అనలేదు నువ్వు."

"తప్పనడం లేదు మామయ్య గారూ. మొత్తం ఒప్పనడానికి మాత్రం ఇంకాస్త ఆలోచించాలి."

"ఆలోచించు. ముందు వెళ్లి వాడికి చెప్పు. చెప్పుల్లేకుండా పోయుంటాడు వెధవ."

ఇల్లు ఒక పెద్ద డాక్టరు కొనుక్కున్నాడు. కొత్త దంపతులకు ఆ పాత రెండు గదుల్లో షెడ్డు గోడని ఆనుకుని ఉన్న చిన్నది వచ్చింది. చలికాలమంతా ఆ గోడ వెచ్చగా ఉంటుందని తెలిసినప్పుడు ఆమెకు కలిగిన ఆనందం చూసి, ఇంత చిన్నదానికి ఇంత సంతోషమేమిటని అత్తగారే ఆశ్చర్యపోయారు. గోడకి వీపు ఆనించుకుని కూర్చుని, ఆమె కాలేజీ పుస్తకాలు మళ్లీ తీసింది. కొన్ని పేజీల పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టింది. ఏ పుస్తకంలోనూ ఆ గోడ వెచ్చదనం గురించి లేదు.

కొత్త కొలిమి సిద్ధమైన రోజు షెడ్డు నిండా జనం. భర్త పొడవాటి ఇనప కడ్డీని పాత కొలిమిలోకి చొప్పించి, చివర కట్టిన నూనె గుడ్డ అంటుకోగానే బయటికి తీశాడు. దారి ఇచ్చి అందరూ రెండు పక్కలకీ తప్పుకున్నారు. నాలుగడుగుల దూరం. అతను ఆ నాలుగడుగులూ పసిబిడ్డని ఎత్తుకున్నట్టు నడిచాడు. మంట కొత్త గోడల మధ్యకి వెళ్లి, ఒక్క క్షణం కనబడకుండా పోయి, గుప్పున లేచింది.

వెంటనే ఏమీ కరగదట. వేడి మెల్లమెల్లగా పెంచాలి. తొందరపడితే ఇటుకలు పగులుతాయి. రోజుల తరబడి అవి ఒళ్లు విరుచుకుంటూ టిక్కు టిక్కుమన్నాయి. గోడల్ని బిగించిన ఇనప కమ్మీల మరలు అతను కొద్దికొద్దిగా వదులు చేస్తూ, ఒక్కో మూలా చెవి పెట్టి వింటూ తిరిగాడు. వేడికి కట్టడం పెరుగుతోంది. ఆమె కళ్లెదుటే ఒక ఇటుకల గది ఊపిరి పీల్చుకుంటున్నట్టు పెద్దదవుతోంది.

తర్వాత గాజు పెంకులు వేశారు. ఇసుక వేశారు. రంధ్రంలోంచి చూస్తే తెల్లటి ఇసుక దిబ్బలు ఎర్రబడి, అంచులు మెత్తబడి, వెలుగు మీద దీవుల్లా తేలాయి. ఒక్కొక్క దీవీ చిన్నదై, ఇంకా చిన్నదై, లేకుండా పోయింది. మిగిలింది ఒకటే కాంతి, అంచు నుంచి అంచుకి.

"ఇది ఎన్నాళ్లు ఆరకూడదు?" అని అడిగింది పక్కన నిలబడ్డ భర్తని. మసి పట్టిన అతని మొహంలో పళ్లు మాత్రమే మెరిశాయి.

"మన పిల్లలు పెద్దయి, తర్వాతిది కట్టేదాకా."

ఆమెకు మొహమంతా వేడెక్కింది. అది కొలిమి సెగే అయి ఉంటుందని అతను అనుకోవాలని కోరుకుంటూ, ఆమె మళ్లీ రంధ్రం వైపు తిరిగింది. లోపల కాంతి ఏ తొందరా లేకుండా ఒక గోడ నుంచి మరో గోడకి కదులుతోంది.