మెట్ల కింద పిలుపు

చాలా ఏళ్ళుగా నాకొక సందేహం. రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని ఇది కావాలి, అది కావాలి అని అడుగుతాను. ఒక్కరోజూ సిగ్గుపడలేదు. అదే ఒక మనిషి ముందు నిలబడి అడగాలంటే నోరు తడారిపోతుంది. దేవుడు ఇచ్చేది ఏదైనా ఎవరో ఒకరి చేతుల్లోంచే కదా రావాలి. మరి ఆ చేతుల దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళెందుకు రావు?

జవాబు దొరక్కముందే కరెంటు ఆఫీసులో బల్ల ముందు నిలబడాల్సి వచ్చింది.

ఇంట్లో ఇద్దరమే ఉంటాం, నేనూ మా అత్తగారూ. నేను లాండ్రీలో పని చేస్తాను. ఆస్పత్రుల దుప్పట్లూ, లాడ్జీల దుప్పట్లూ ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టే పని. అక్కడ పెద్ద మిషను పాడై నెలన్నర జీతం లేకుండా పోయింది. అప్పుడు వెనకబడిన కరెంటు బిల్లును మళ్ళీ అందుకోలేకపోయాను. మూడు నెలల బాకీ అయింది. సోమవారం లోపు కట్టకపోతే ఫ్యూజు తీసేస్తామని కాగితం అంటించి వెళ్ళారు. లైటు లేకపోతే సర్దుకుంటాం. అత్తగారి ఊపిరితో సర్దుకోలేం. పొద్దునా సాయంత్రం మందు పోసిన చిన్న మిషను మూతికి పెట్టుకుని ఆ ఆవిరి పీలిస్తేనే ఆవిడ మాట్లాడగలదు. అది కరెంటు మీద నడుస్తుంది.

బల్ల అవతలి గుమాస్తా అమ్మాయి నా కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది.

"మీకు సగం బిల్లు మాఫీ వస్తుందండీ. పాత బాకీ పది వాయిదాల్లో కట్టుకోవచ్చు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"ఉందని విన్నాను. మాలాంటివాళ్ళకి కాదేమో అనుకున్నాను."

"మరి ఎలాంటివాళ్ళకి అనుకున్నారు?"

నేను నవ్వలేక నవ్వాను. ఆ అమ్మాయి బిల్లు మీద వేలు పెట్టింది.

"ఈ పేరు?"

"మా ఆయనది."

"ఆయన్ని ఓసారి తీసుకురండి. సంతకం పెట్టాలి."

"పోయి నాలుగేళ్ళయిందమ్మా."

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది. "బతికున్నవాళ్ళ పేరు మీదే మాఫీ ఇస్తారండీ. ముందు మీటరు మీ పేరుకి మార్చుకోవాలి. ఈ ఫారంలో ఆయన తల్లి వేలిముద్ర కూడా కావాలి. శనివారం లోపు తెస్తే ఫ్యూజు తీయకుండా ఆపిస్తాను."

ఇంత చిన్న పని నాలుగేళ్ళుగా ఎందుకు చేయలేదని మీకు అనిపించవచ్చు. మా భవనంలో పద్దెనిమిది వాటాలు. పద్దెనిమిది మీటర్లూ కింద మెట్ల చాటున ఒకే చెక్క మీద ఉంటాయి. రీడింగు తీసే మనిషి, అందరం మీటరు మావయ్య అంటాం, ప్రతి గడపా ఎక్కలేక అక్కడే నిలబడి ఒక్కో బిల్లూ చించి పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. ఎవరిది వాళ్ళు దిగి తెచ్చుకోవాలి. ఆయన వచ్చే రోజు అత్తగారు పొద్దున్నే తల దువ్వించుకుని, కుర్చీ గుమ్మంలోకి జరిపించుకుంటుంది. ఆవిడకి కళ్ళు సరిగా ఆనవు. చెవులు మాత్రం పాము చెవులు. కింది నుంచి కొడుకు పేరు ఇంటిపేరుతో సహా వినపడగానే, "ఆఁ, ఉన్నాం" అంటుంది.

"ఈ నెల కరెంటు బాగానే తాగారు పెద్దమ్మా" అంటాడాయన కింది నుంచే.

"నేను తాగేది గాలి నాయనా. కరెంటు తాగేది నీ డబ్బా" అంటుందీవిడ.

ఆవిడ మాటెందుకు, నా సంగతీ అంతే. ఇంట్లో ఆ పేరు పలికేవాళ్ళు లేరు. అత్తగారు 'వాడు' అంటుంది, నేను 'ఆయన' అంటాను. నెలకొక్కసారి ఆ పేరు మెట్ల మీదుగా పైకి వస్తుంది. నేను చేతిలో పని ఆపి వింటాను. ఆయన ఇప్పుడే చెప్పులు కింద విడిచి, అరిచి పిలిచినవాడితో రెండు మాటలు మాట్లాడి పైకొస్తాడన్నట్టు ఉంటుంది. ఆ రోజు అన్నం కొంచెం ఎక్కువే వండేస్తాను, ఎందుకో.

ఫారం సంగతి చెప్పగానే అత్తగారు మొహం గోడ వైపు తిప్పుకుంది.

"వేలుముద్రా లేదు, ఏమీ లేదు."

"సోమవారం ఫ్యూజు తీసేస్తారత్తయ్యా. మీ మిషను ఎలా నడుస్తుంది?"

"నడవకపోతే మానె. వాడి పేరు కొట్టించి నేను ఊపిరి పీల్చాలా?"

ఆవిడ వేలు పట్టుకుని సిరాలో ముంచడం నాకు చేతనయ్యే పని కాదు. లాండ్రీలో మేస్త్రిని జీతం ముందుగా ఇమ్మని అడిగాను. అతను వినిపించనట్టు దుప్పట్లు లెక్కపెట్టుకున్నాడు. ఆయన పేరు నిలబెట్టమని అడగాలో, ఆవిడ ఊపిరి నిలబెట్టమని అడగాలో తెలియక దేవుడి ముందు ఊరికే కూర్చుని లేచాను.

శుక్రవారం సాయంత్రం, మిషను మూతి మీంచి తీసి అత్తగారు అడిగింది. "ఆ కాగితంలో ఏముందో చదువు."

చదివాను. మొదటి గడిలోనే 'మరణించిన వినియోగదారుడి పేరు' అని ఉంది. అక్కడ ఆయన పేరు నేనే రాశాను.

"అయితే పేరు ఉంటుందన్నమాట."

"ఇందులో ఉంటుంది."

"ఈ కాగితం వాళ్ళ దగ్గర ఎన్నాళ్ళుంటుంది?"

"తెలీదత్తయ్యా."

"కనుక్కో. తర్వాత చూద్దాం."

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికే వెళ్ళి అడిగాను. గుమాస్తా అమ్మాయి నా వంక వింతగా చూసింది, తర్వాత మెత్తబడింది. "మా దగ్గర ఏదీ తొందరగా రాదు, తొందరగా పోదు. ఫైలు ఎప్పటికీ ఉంటుందని చెప్పండి" అంది. ఆ మాట మోసుకుని బస్సులో ఇంటికి వచ్చాను. అత్తగారు మారు మాట్లాడకుండా వేలు చాపింది. ఆఫీసు మూసేలోగా ఫారం ఇచ్చి వచ్చాను.

తర్వాతి నెల మీటరు మావయ్య వచ్చిన రోజు కూడా ఆవిడ తల దువ్వించుకుంది. కుర్చీ గుమ్మంలోకి జరిపాను. కింద ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. ఒక పేరు రెండుసార్లు, మూడుసార్లు పిలిచాడు. ఎవరూ దిగలేదు. ఎవరా అని నేనూ అనుకున్నాను.

"నిన్నే పిలుస్తున్నాడు, వెళ్ళు" అంది అత్తగారు.

దిగి వెళ్ళాను. బిల్లులో సగానికి సగం తగ్గింది. దాంతోపాటు నా పేరు మీద ఒక చెక్కు ఇచ్చాడు. మాఫీ ఉన్న ఇళ్ళకి డిపాజిట్టు అక్కర్లేదట. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఆయన కట్టిన డిపాజిట్టు తిరిగి వచ్చింది. మూడు వాయిదాలకు సరిపోతుందని మెట్లెక్కుతూనే లెక్క వేసుకున్నాను.

"అది మనది కాదు" అంది అత్తగారు. "నువ్వు కాపరానికి రాకముందు, ఈ ఇంట్లో దిగినప్పుడు డిపాజిట్టుకి చేతిలో చిల్లిగవ్వ లేదు. వీధి చివర వడ్రంగి ఇచ్చాడు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగొస్తుంది, అప్పుడిచ్చేస్తానన్నాడు వాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఖాళీ చేస్తేగా చెప్పడానికి." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఖాళీ చేసింది వాడొక్కడే."

చెక్కు మార్చి, డబ్బు కవర్లో పెట్టుకుని వెళ్ళాను. వాయిదాల మీద ఆశ దారి పొడుగునా నాతోనే వచ్చింది, దాచుకోవడం ఎందుకు. వడ్రంగి ఒక తలుపుకి చిత్రిక పడుతున్నాడు. విషయం చెబితే చేయి ఆపాడు.

"పద్దెనిమిదేళ్ళయింది చెల్లెమ్మా. మీ ఇంట్లో మొదటి బల్బు పెట్టింది నేనే. స్టూలు మీద నేను, కింద స్టూలు పట్టుకుని ఆయన. వెలగ్గానే స్టూలు వదిలేసి చప్పట్లు కొట్టాడు. నేను కింద పడ్డాను."

ఇన్నేళ్ళలో నేను వినని మాట అది. ఆయన చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకేమైనా చెబుతాడేమోనని అక్కడే నిలబడ్డాను.

అతను చేతులు లుంగీకి తుడుచుకుని, కవరు తీసుకుని, నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"సరిపోయింది" అన్నాడు.