కదిలే బెల్టు మీద మొర

యూఫ్రోసీనాకు ఏడవడానికి కాస్త వ్యవధి కావాలి. ముందు ముక్కు దురద పెడుతుంది, తర్వాత గొంతు పూడుకుపోతుంది, ఆ తర్వాత గానీ కళ్లు కరగవు. ఈలోగా కాళ్ల కింది బెల్టు ఆమెను గ్వాదలూపే మరియమాత పటం దాటించి అవతల దింపేసేది. జనం పటం ముందు పాతుకుపోకుండా చర్చివాళ్లు చేసిన ఏర్పాటది. ఇటునుంచి అటు రెండు బెల్టులు, అటునుంచి ఇటు రెండు. మెక్సికో నగరంలో కష్టాలు లేనివాళ్లెవరు గనక? ఎవరికైనా మాత దగ్గర ఒక్క నిమిషమే, అదీ మెడ పైకెత్తి.

అయినా ఆమె వదల్లేదు. ఏడు నెలలుగా ప్రతి శనివారం వస్తోంది. మొదట్లో ఒకే మొరను పదకొండు విడతల్లో చెప్పుకునేది. పోను పోను కిటుకు పట్టేసింది. బెల్టు ముందుకు పోతుంటే తను వెనక్కి అడుగులు వేస్తూ పటం కిందే ఉండిపోయేది. వెనకున్నవాళ్ల కాలివేళ్లు నలిగేవనుకోండి, అది వేరే సంగతి.

ఆ మొర ఇదీ. తొమ్మిదేళ్ల కిందట తల్లి పోయింది. తొమ్మిది రోజుల జపమాల ప్రార్థనలు ముగిశాక పెట్టిన భోజనాల్లో, చెల్లెలు దొమితీలా వండిన మోలే పులుసు రుచి చూసి, నలభై మంది ముందు, అమ్మ చేసినట్టు లేదంది యూఫ్రోసీనా. చెల్లెలు గరిటె కింద పెట్టి, అక్కకు రుచి తెలిస్తే ఆ మొగుణ్ణి చేసుకునేదే కాదంది. మొగుడు పక్కనే కూర్చుని తింటున్నాడు. పాపం, మారు కూడా వడ్డించుకున్నాడు. ఆ రోజుతో మాటలు బంద్. నగరానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు.

రెండేళ్ల కిందట ఆ మొగుడూ పోయాడు. ఇప్పుడు వీధిలో అందరూ ఆమెను గౌరవంగా దోన్యా యూఫ్రోసీనా అంటారు. 'ఫ్రోసక్కా' అని పిలిచే నోరు లోకంలో ఒక్కటే మిగిలింది. ఆ పిలుపు మళ్లీ వినకుండానే పోతానేమోనని ఆమెకు దిగులు. దిగులు ఎంతున్నా, ముందు దిగిరావలసింది చిన్నదేనన్న విషయంలో మాత్రం మాతతో కూడా రాజీ పడలేదు. దాని మెడలు వంచి నా గుమ్మంలోకి తీసుకురా తల్లీ అని ఏడ్చేది.

ఒక శనివారం యూఫ్రోసీనా అలా వెనక్కి నడుస్తూ, వెనకున్న ఒక సన్యాసిని గారి బొటనవేలు తొక్కేసింది. కాపలాదారు ఇలారియో ఆమెను పక్కకు పిలిచాడు.

"శనివారాలు మీరు, గురువారాలు ఆవిడ. నా ఉద్యోగం ఊడేదాకా నిద్రపోరామ్మా మీరిద్దరూ?"

"ఆవిడెవరు?"

ఇలారియో చెప్పుకొచ్చాడు. ఏడాదిగా గురువారం మధ్యాహ్నాలు ఒకావిడ వస్తోంది. ఇలాగే వెనక్కి నడుస్తుంది. అచ్చం ఇదే గొంతు. ఏడుపూ ఇదే వరస, ముందు ముక్కు నలుపుకుంటుంది. ఎవరిదో మెడలు వంచమనే ఆవిడా అడుగుతుంది.

"ఎవరి మెడలు?" అంది యూఫ్రోసీనా నీరసంగా.

"వాళ్లక్కవి. ఆ పులుసు గొడవ ఇద్దరి నోటా విన్నాను. ఉప్పెక్కువై ఉంటుందని నా అనుమానం. పాపం మాత మాత్రం ఏం చేస్తుందమ్మా, ఒకరి మాట వింటే రెండోవాళ్ల మాట కొట్టేయాలి."

ఎంత పొగరో దానికి అని ముందు ఒళ్లు మండింది. బెంచీ మీద కూలబడ్డాక అసలు సంగతి తట్టింది. అదీ ఏడుస్తోంది. తనకన్నా ఐదు నెలల ముందునుంచే ఏడుస్తోంది. తొమ్మిదేళ్లలో ఆమెకు మొదటిసారి ఆశ కలిగింది. ఆ రోజు ఇంకో విడత వెళ్లలేదు.

గురువారం వచ్చింది. చెల్లెలి వెంట పడిందన్న మాట రాకుండా, ఎదురు దిక్కు బెల్టు ఎక్కింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? అవతల బెల్టు మీద, జుట్టంతా నెరిసి, చిక్కి సగమై, దొమితీలా ముక్కు నలుపుకుంటూ వస్తోంది. పటం కింద ఇద్దరూ ఎదురుపడ్డారు.

బెల్టులు ఆగవు కదా. యూఫ్రోసీనా వెనక్కి ఒక అడుగు వేసింది. అటు దొమితీలా కూడా వేసింది. ఉన్నచోటే నడుస్తూ, ఒకరినొకరు చూసుకుంటూ, ఇద్దరూ నోరు మాత్రం మెదపరు. వెనక జనం గొణుగుతున్నారు. ఇలారియో వంగి బూట్ల లేసులు కట్టుకోవడంలో మునిగిపోయాడు. ఆ బూట్లకు లేసులే లేవు.

నువ్వే ముందు మాట్లాడు అనాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది యూఫ్రోసీనా. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ రోజు పులుసు బాగానే ఉందే."

"అబద్ధాలాడకు. ఉప్పెక్కువైంది, ఫ్రోసక్కా."

ఈసారి ముక్కు దురద పెట్టలేదు, గొంతు పూడుకోలేదు. కళ్లే ముందు కరిగిపోయాయి. వెనకడుగు వేయాలన్న ధ్యాస ఇద్దరికీ పోయింది. బెల్టులు చెరొకర్నీ చెరో దిక్కుకు మోసుకుపోతుంటే, జనం తలల మీదుగా యూఫ్రోసీనా చెయ్యెత్తి అరిచింది.

"అక్కడే ఉండవే, కదలకు. నేనే వస్తున్నా."